మొదట వోల్టేజీ, చివర కెపాసిటీ: చేతి పరికరాలకు లిథియం బ్యాటరీ మార్చడం ఎలా?

చేతిలో పట్టుకుని వాడే ఆసిల్లోస్కోపు, కాంపొనెంట్ టెస్టరు, యాంటెనా కొలిచే నానోవీఎన్ఏ, సిగ్నళ్లను చూపే టైనీఎస్ఏ ఇప్పుడు కొన్ని వేల రూపాయల్లో దొరుకుతున్నాయి. ఒకప్పుడు కాలేజీ ల్యాబు బల్ల మీద మాత్రమే చూడగలిగిన కొలతలను ఇవాళ విద్యార్థి ఇంట్లో కూర్చుని తీసుకుంటున్నాడు. కానీ వీటిలో చాలా పరికరాలు కొన్నేళ్లకే మూలన పడుతున్నాయి. తెర బాగుంటుంది, సర్క్యూటు బాగుంటుంది, లోపలి లిథియం బ్యాటరీ ఒక్కటే పోతుంది. దాని ఖరీదు పరికరం ధరలో చిన్న వంతు. సరైనది ఎంచుకోవడం తెలియక మొత్తం పరికరాన్ని పారేయడమో, తప్పుడు బ్యాటరీ పెట్టి కాల్చేసుకోవడమో జరుగుతోంది.

విజయవాడ దగ్గరి కొండపల్లి, ఇబ్రహీంపట్నం, మైలవరం దారిలో ఈ ప్రశ్న ఎదురయ్యేవాళ్లు ఎక్కువమందే ఉంటారు. 1979లో మొదటి యూనిట్ మొదలైన థర్మల్ విద్యుత్ కేంద్రం, కొండపల్లి పారిశ్రామికవాడ, మైలవరం లకిరెడ్డి బాలిరెడ్డి ఇంజినీరింగ్ కాలేజీ లాంటి విద్యాసంస్థలు అన్నీ ఈ కొద్ది దూరంలోనే ఉన్నాయి. ఎలక్ట్రానిక్స్ నేర్చుకునేవాళ్లూ, దాని మీద బతికేవాళ్లూ ఇక్కడ ఉన్నారు. బ్యాటరీ కావాలంటే విజయవాడ సెల్‌ఫోన్ విడిభాగాల దుకాణాలకో, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకో, ఆన్‌లైన్‌కో వెళ్లాలి. ఎక్కడికి వెళ్లినా మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "ఎన్ని ఎంఏహెచ్ కావాలి?"

కెపాసిటీ గురించిన ఆ ప్రశ్న చివర రావాల్సింది. ఛార్జింగ్ వోల్టేజీ, తీగల వరస, మందం, ఛార్జింగ్ కరెంటు, ఈ నాలుగూ తేలాకే కెపాసిటీ గురించి మాట్లాడాలి. వరస తప్పితే డబ్బు పోవడంతో ఆగదు. అందుకే అందుబాటులో ఉన్న దారులన్నిటినీ ఒక్కొక్కటిగా తూచి చూద్దాం.

నిజంగా పోయింది బ్యాటరీయేనా?

బ్యాటరీ కొనేముందు పాతదాన్ని మల్టీమీటరుతో కొలవాలి. మామూలు లిథియం అయాన్ సెల్ నిండుగా ఉంటే 4.2 వోల్టులు, సగంలో 3.7 నుంచి 3.8, ఖాళీ అయితే 3 వోల్టుల దగ్గర చూపుతుంది. రాత్రంతా ఛార్జి పెట్టినా 3.5 దాటకపోతే తప్పు బ్యాటరీలోనే ఉండనక్కర లేదు. యూఎస్‌బీ సాకెట్టు టంకం ఊడి ఉండవచ్చు, ఛార్జింగ్ చిప్ పోయి ఉండవచ్చు. 4.15 వరకు ఎక్కి, పరికరం ఆన్ చేయగానే కిందికి పడిపోతే సెల్ అంతర్గత నిరోధం పెరిగిపోయిందని అర్థం. అప్పుడు మార్చాల్సిందే.

మూడో సందర్భం మరీ ఎక్కువ. ఈ పరికరాల్లో కొన్నిటికి అసలైన స్విచ్ ఉండదు. బటన్ నొక్కి ఆపినా లోపల కొద్దిపాటి కరెంటు పారుతూనే ఉంటుంది. సెమిస్టరు పరీక్షల్లో పక్కన పెట్టి, సెలవులయ్యాక తీసేసరికి సెల్ 2 వోల్టుల కిందికి జారిపోయి ఉంటుంది. అంత లోతుగా ఖాళీ అయిన సెల్ లోపల రాగి రేకు కరగడం మొదలవుతుంది. ఆ తర్వాత ఛార్జి పెడితే ఆ రాగి మళ్లీ పేరుకుని లోపలే షార్ట్ చేయవచ్చు. బయటి నుంచి వోల్టేజీ ఇచ్చి దాన్ని 'లేపే' చిట్కాలు చాలా చోట్ల చెబుతారు. చాలాకాలం 2 వోల్టుల కింద ఉన్న సెల్‌ను లేపవద్దు, మార్చండి.

ఉబ్బిన బ్యాటరీ విషయంలో ఆలోచించడానికే ఏమీ లేదు. వాడకం, ఛార్జింగ్ రెండూ అక్కడితో ఆపాలి. దాన్ని నొక్కి మూత బిగించడం, సూదితో గాలి తీయడం ప్రాణాల మీదికి తెచ్చే పనులు.

మొదటి ప్రశ్న: ఎన్ని వోల్టుల దగ్గర ఛార్జింగ్ ఆగుతుంది?

లిథియం బ్యాటరీ అంటే ఒకే వస్తువు కాదు. 1991లో సోనీ మొదట అమ్మిన లిథియం అయాన్ సెల్ వారసులు ఇవాళ మూడు ముఖ్యమైన రకాలుగా మన చేతికొస్తున్నాయి. మామూలు సెల్ మీద 3.7 వోల్టులని రాసి ఉంటుంది, 4.2 దగ్గర నిండుతుంది. ఎక్కువ వోల్టేజీ రకం మీద 3.8 అని ఉంటుంది, 4.35 దగ్గర నిండుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం మీద 3.2 అని ఉంటుంది, 3.65 దగ్గరే నిండిపోతుంది.

పరికరంలోని ఛార్జింగ్ చిప్‌కు ఏ సెల్ పెట్టారో తెలియదు. అది తనకు తెలిసిన వోల్టేజీ వరకు నింపుతుంది, అంతే. చవక పరికరాల్లో ఎక్కువగా కనిపించే టీపీ4056 చిప్ 4.2 వోల్టుల దగ్గర ఆగుతుంది. దానికి 3.8 వోల్టుల సెల్ తగిలిస్తే ప్రమాదం లేదు, కొంత కెపాసిటీ వాడకుండా మిగిలిపోతుంది. ఐరన్ ఫాస్ఫేట్ సెల్ తగిలిస్తే మాత్రం ప్రతిసారీ దాని హద్దు దాటించినట్టే. 4.35 దాకా నింపే పరికరంలో మామూలు 3.7 సెల్ పెట్టడం అన్నిటికన్నా ప్రమాదం. ఐరన్ ఫాస్ఫేట్ వేడిని బాగా తట్టుకుంటుందన్నది నిజమే. అయినా ఛార్జర్ మార్చకుండా దాన్ని ఈ పరికరాల్లో పెట్టకూడదు.

చిన్న నాణెం సెల్స్‌లోనూ ఇదే చిక్కు ఉంది. సీఆర్2032 మూడు వోల్టులది, ఛార్జి చేయకూడనిది. ఎల్ఐఆర్2032 చూడ్డానికి అచ్చం అలాగే ఉండి 4.2 దాకా వెళ్తుంది. ఒకటి ఉండాల్సిన చోట ఇంకొకటి పెట్టకూడదు.

రెండో ప్రశ్న: తీగలు ఎన్ని, ఏది ఎటు?

ఈ బ్యాటరీల చివర తెల్లటి చిన్న ప్లగ్గు ఉంటుంది. పిన్నుల మధ్య దూరం 1.25 మి.మీ., 2 మి.మీ., 2.5 మి.మీ. రకాలు ఎక్కువ. దుకాణాల్లో అన్నిటినీ జేఎస్‌టీ అనే అంటారు కనుక పాత ప్లగ్గు వెంట తీసుకెళ్లడం మంచిది. ప్లగ్గు సరిపోయిందంటే పని అయిపోయినట్టు కాదు. ఎర్ర తీగ ఎడమవైపు ఉండాలా, కుడివైపు ఉండాలా అన్నదానికి తయారీదారులందరూ పాటించే నియమమేదీ లేదు. ఒకే ప్లగ్గుతో, తిరగేసిన తీగలతో బ్యాటరీలు మార్కెట్లో ఉన్నాయి. తిరగబడిన బ్యాటరీ తగిలిన క్షణంలో ఛార్జింగ్ చిప్ కాలిపోతుంది, ఒక్కోసారి దాని వెనకున్నవీ పోతాయి. తగిలించే ముందు మల్టీమీటరుతో ప్లస్, మైనస్ చూడటానికి పట్టేది కొన్ని సెకండ్లు. ఈ ఒక్క అలవాటు కాపాడినన్ని పరికరాలను మరేదీ కాపాడలేదు.

తీగలు మార్చాల్సి వస్తే ఒకటి కత్తిరించి, అతికించి, ఇన్సులేషన్ తొడిగాకే రెండోది ముట్టుకోవాలి. రెండూ కలిపి ఒకేసారి కట్టర్‌తో కోస్తే కట్టరే షార్ట్ చేస్తుంది.

మూడో తీగ ఉంటే అది సాధారణంగా ఉష్ణోగ్రత చెప్పే 10 కిలోఓమ్ థర్మిస్టరుది. సెల్ మరీ వేడెక్కితే ఛార్జింగ్ ఆపేది అదే. రెండు తీగల బ్యాటరీ తెచ్చి, మూడో పిన్నుకు 10 కిలోఓమ్ రెసిస్టర్ పెడితే పరికరం పనిచేస్తుంది. కానీ సెల్ ఎంత వేడిగా ఉన్నా చల్లగా ఉందనే అది నమ్ముతుంది. మన ఎండల్లో అలాంటి మోసం పనికిరాదు. పాత బ్యాటరీ థర్మిస్టరును తీసి కొత్త సెల్‌కు ఆనించి, వేడి తట్టుకునే టేపుతో అతికించాలి.

మూడో ప్రశ్న: ఎంత మందం?

రేకు సంచి (పౌచ్) సెల్స్ మీద ఉండే ఆరంకెలే వాటి కొలతలు. 503450 అంటే మందం 5 మి.మీ., వెడల్పు 34, పొడవు 50. 103450 అంటే మందం 10 మి.మీ. తల దగ్గర పసుపు టేపు కింద ఉండే రక్షణ బోర్డు వల్ల పొడవు కాస్త పెరగవచ్చు. వాడకంలో ఈ సెల్స్ కొద్దిగా లావెక్కుతాయి కాబట్టి లోపలి ఎత్తులో పదో వంతు ఖాళీ వదలాలి. ఐదు మి.మీ. చోటులో ఆరు మి.మీ. సెల్ దూర్చి స్క్రూలు బిగిస్తే, మూత సెల్‌ను నిత్యం నొక్కుతూనే ఉంటుంది. సర్క్యూటు బోర్డు వెనక పొడుచుకొచ్చిన టంకం మొనలు రేకును గుచ్చకుండా మధ్యలో పలచని ప్లాస్టిక్ షీటు పెట్టాలి.

రక్షణ బోర్డు లేని సెల్ కొనవద్దు. చాలా బోర్డుల మీద ఉండే డీడబ్ల్యూ01 తరహా చిప్ సెల్ 4.3 వోల్టుల చుట్టుపక్కలకు ఎక్కినా, 2.4 దగ్గరికి పడిపోయినా, షార్ట్ అయినా దారి మూసేస్తుంది. ఇది చివరి కాపలా మాత్రమే. రోజూ ఛార్జింగ్ ఆపాల్సిన పని దానిది కాదు.

నాలుగో ప్రశ్న: ఛార్జింగ్ కరెంటు ఎంత?

వెయ్యి ఎంఏహెచ్ సెల్‌ను 500 మిల్లీయాంపియర్లతో ఛార్జి చేయడం మంచి పద్ధతి. పాత పెద్ద సెల్ స్థానంలో 400 ఎంఏహెచ్ చిన్నది పెట్టి, పరికరం ఒక యాంపియర్ పంపుతుంటే సెల్ తట్టుకోలేదు. టీపీ4056లో ఈ కరెంటును నిర్ణయించేది ఒక చిన్న రెసిస్టర్: 1.2 కిలోఓమ్ ఉంటే ఒక యాంపియర్, 2 కిలోఓమ్ ఉంటే సుమారు 580 మిల్లీయాంపియర్లు, 10 కిలోఓమ్ ఉంటే 130. సెల్ చిన్నదైతే ఈ రెసిస్టర్ విలువ పెంచాలి. సెల్ పెద్దదైతే ప్రమాదం లేదు, నిండటానికి గంటలు పెరుగుతాయి.

చివరి ప్రశ్న: కెపాసిటీ, అందులో అబద్ధం

ఇప్పుడు ఎంఏహెచ్ దగ్గరికి రావచ్చు. ఇక్కడ మార్కెట్ చెప్పే మాటను లెక్కతో పరీక్షించవచ్చు. మంచి రేకు సంచి సెల్‌లో ఘన సెంటీమీటరుకు సుమారు 120 ఎంఏహెచ్ పడుతుంది. 503450 సెల్ ఘనపరిమాణం 8.5 ఘన సెంటీమీటర్లు, అంటే వెయ్యి ఎంఏహెచ్ దగ్గర. అదే సైజులో 2,500 అని రాసి ఉంటే ఆ అంకె అబద్ధం. బరువు కూడా సాక్ష్యమే: వెయ్యి ఎంఏహెచ్ సెల్ 18 నుంచి 20 గ్రాములు తూగాలి. 18650 గుండ్రటి సెల్స్‌లో పేరున్న తయారీదారులు చాలాకాలంగా ఇస్తున్నది 3,500 ఎంఏహెచ్ చుట్టుపక్కలే, బరువు 45 నుంచి 50 గ్రాములు. 9,900 అని మెరిసే అక్షరాల్లో రాసిన సెల్‌ను నమ్మాల్సిన పని లేదు.

పరికరం 300 మిల్లీయాంపియర్లు తీసుకుంటే వెయ్యి ఎంఏహెచ్ నిజమైన సెల్ మూడు గంటలు నడుపుతుంది. ఇంటి పనికి అది చాలు. నాలుగో గంట కోసం మందం విషయంలో రాజీపడటం లాభం లేని బేరం.

దొరికే దారులు, వాటి మంచిచెడులు

మన ఊళ్లలో తేలిగ్గా దొరికేది బీఎల్-5సీ. పాత నోకియా ఫోన్ల కోసం పుట్టి, ఎఫ్ఎం రేడియోల్లోకీ భక్తిగీతాల స్పీకర్లలోకీ వెళ్లిన ఈ బ్యాటరీ చిన్న ఊరి సెల్ దుకాణంలోనూ ఉంటుంది. కొలతలు 503450కి దగ్గరగా ఉంటాయి, మందం కాస్త ఎక్కువ. చోటుంటే వాడుకోవచ్చు, కానీ దాని లోహపు బిళ్లల మీద నేరుగా టంకం వేయకుండా స్ప్రింగు పిన్నుల హోల్డరు పెట్టాలి. నకళ్లు విపరీతం. అసలువాటికీ చరిత్ర ఉంది: 2007 ఆగస్టులో, మత్సుషిటా తయారుచేసిన 4.6 కోట్ల బీఎల్-5సీ బ్యాటరీలు ఛార్జింగ్‌లో వేడెక్కే అవకాశముందని, ఉచితంగా మార్చి ఇస్తామని నోకియా ప్రకటించింది. పెద్ద కంపెనీ తయారీలోనే అలా జరిగితే, పేరే లేని నకలు మీద ఎంత నమ్మకం పెట్టాలో ఎవరికి వారే తేల్చుకోవాలి.

రెండో దారి 18650 సెల్. పరికరం వెనక హోల్డరు అతికించి దీన్ని వాడతారు. మంచి సెల్ దొరికితే ఏళ్లు నడుస్తుంది, పాడైతే మార్చడం సులువు. రక్షణ బోర్డు ఉన్న 18650 పొడవు 68 నుంచి 70 మి.మీ. దాకా ఉంటుంది కాబట్టి 65 మి.మీ. హోల్డరులో పట్టదు. బల్ల మీద వాడే పరికరానికి ఇది మంచి మార్పు. చేతిలో పట్టుకుని తిరగాల్సినదానికి బరువు.

మూడోది పాత ల్యాప్‌టాప్, పవర్‌బ్యాంకుల్లోంచి తీసిన సెల్స్. వీటిలో బాగున్నవి ఉంటాయి. వాటిని గుర్తించాలంటే పూర్తిగా నింపి, నెమ్మదిగా ఖాళీ చేసి కెపాసిటీ కొలవాలి, అంతర్గత నిరోధం చూడాలి, నింపిన సెల్‌ను వారం పక్కనపెట్టి వోల్టేజీ పదుల మిల్లీవోల్టులు పడలేదని చూసుకోవాలి. ఇవన్నీ చేయగలిగిన వాళ్లకే ఈ దారి.

నాలుగోది అసలు మార్చకుండా యూఎస్‌బీ మీద నడపడం. తాత్కాలికంగా పనిచేస్తుంది, కానీ కొలతల పరికరానికి బ్యాటరీ ఇచ్చే ఒక పెద్ద మేలు పోతుంది. బ్యాటరీ మీద నడిచే ఆసిల్లోస్కోపు గ్రౌండుకు ఇంటి ఎర్తుతో సంబంధం ఉండదు. అదే పరికరాన్ని ఎర్తు ఉన్న కంప్యూటరు యూఎస్‌బీకి తగిలిస్తే ప్రోబు గ్రౌండు క్లిప్పు ఎర్తుతో కలిసిపోతుంది. ఆ క్లిప్పు సర్క్యూటులో వేరే వోల్టేజీ ఉన్నచోట తగిలితే షార్ట్. పైగా ఛార్జర్ రొద తెర మీద సిగ్నల్‌లా కనిపించి కుర్రాళ్లను తప్పుదారి పట్టిస్తుంది. ఛార్జింగ్‌లో ఉండగా కొలవకపోవడం ఉత్తమం. బ్యాటరీ ఉంది కదా అని ఈ చిన్న పరికరాలతో 230 వోల్టుల లైను కొలవవద్దు. ప్రోబు తగిలించే బీఎన్‌సీ సాకెట్టు లోహం అప్పుడు లైవ్ అవుతుంది, చేయి దాని మీదే ఉంటుంది.

మల్టీమీటరు సంగతి వేరు. 9 వోల్టుల బ్యాటరీ అందులో నెలల తరబడి వస్తుంది. దాని స్థానంలో యూఎస్‌బీతో ఛార్జయ్యే 9 వోల్టుల లిథియం బ్యాటరీ పెట్టాలని చాలామందికి ఉంటుంది. వీటిలో కొన్నిటి లోపల వోల్టేజీ పెంచే సర్క్యూటు ఉంటుంది. అది నిరంతరం కొంత కరెంటు తింటుంది, రొద చేస్తుంది, చివరిదాకా 9 వోల్టులే చూపి ఒక్కసారిగా ఆగిపోతుంది. బ్యాటరీ తగ్గిందని మీటరు ముందుగా హెచ్చరించలేదు. మల్టీమీటరుకు ఛార్జి చేయని మంచి ఆల్కలైన్ చాలు. కారుతుందన్న భయముంటే ఛార్జి చేయని లిథియం 9 వోల్టులది కొనవచ్చు, ఖరీదు ఎక్కువైనా కెపాసిటీ సుమారు రెట్టింపు.

మన ఎండ, మన వరద

లిథియం సెల్స్‌ను ఛార్జి చేయదగిన ఉష్ణోగ్రత సాధారణంగా 0 నుంచి 45 డిగ్రీలు. మే నెలలో విజయవాడ పగలు 40 దాటడం మామూలే. రేకుల షెడ్డులో, మూసిన కారులో, కిటికీ పక్క బల్ల మీద అంతకన్నా ఎక్కువ. చలిదేశాల కోసం రాసిన సలహాలు ఇక్కడికి సరిపోవు. వేసవిలో ఛార్జింగ్ తెల్లవారుజామునో రాత్రో పెట్టుకోవాలి, మనిషి మెలకువగా ఉండగా. సెల్‌ను ముసలిచేసేవి రెండు, వేడి, నిండు ఛార్జి. రెండూ కలిస్తే మరీ వేగం. సెలవులకు పరికరం పక్కన పెట్టేముందు 3.8 వోల్టుల దగ్గర ఆపి, వీలైతే ప్లగ్గు ఊడదీసి, ఇంట్లో చల్లగా ఉండే చోట పెట్టాలి.

2022 ఏప్రిల్‌లో విజయవాడ సూర్యారావుపేటలో పడకగదిలో ఛార్జింగ్‌లో ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. స్కూటర్ బ్యాటరీలో ఉండే శక్తి మన చిన్న సెల్‌కు కొన్ని వందల రెట్లు. కానీ పరుపు మీద, దిండు పక్కన అంటుకుంటే చిన్న సెల్ కూడా ఇల్లు కాల్చడానికి సరిపోతుంది. టైల్ మీదో గచ్చు మీదో పెట్టి ఛార్జి చేయాలన్న నియమం అందరికీ వర్తిస్తుంది.

2024 సెప్టెంబరులో కొండపల్లి శాంతినగర్ దగ్గర బుడమేరు కాలువకు గండ్లు పడి, విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వరద నీటిలో మునిగిన లిథియం బ్యాటరీని ఎండబెట్టి మళ్లీ ఛార్జి పెట్టకూడదు. రక్షణ బోర్డు మీద తుప్పు మొదలై ఉంటుంది, నెలల తర్వాతైనా షార్ట్ కావచ్చు. పరికరాన్ని శుభ్రం చేసి బతికించవచ్చు, బ్యాటరీని మాత్రం వదిలేయాలి.

కొనేచోట చూడాల్సినవి

ఛార్జి చేయదగిన లిథియం బ్యాటరీలకు మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఐఎస్ 16046 ప్రమాణం పేరు, ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిదంకెల నంబరు బ్యాటరీ మీదో ప్యాకెట్ మీదో ఉండాలి. ఆ నంబరు ఎవరిదో బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకోవచ్చు. సరుకుగా విమానంలో పంపే విడి లిథియం అయాన్ సెల్స్‌ను 30 శాతానికి మించి ఛార్జి చేయకూడదని 2016 నుంచి అంతర్జాతీయ నియమం ఉంది. కనుక కొత్త సెల్ వచ్చినప్పుడు నిండుగా లేకపోవడం సహజం. 3 వోల్టుల లోపు చూపితే తిప్పి పంపాలి. వచ్చిన రోజే కొలిచి, తేదీతో సహా బ్యాటరీ మీద రాసుకోవడం మంచి అలవాటు.

పాతదాన్ని చెత్తబుట్టలో వేయవద్దు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం తిరిగి తీసుకునే బాధ్యత తయారీదారులది. ఆ ఏర్పాటు మన చిన్న ఊళ్లకు ఇంకా సరిగా చేరలేదు. అప్పటివరకు కొసలకు టేపు చుట్టి, ఇసుక పోసిన రేకు డబ్బాలో ఆరుబయట ఉంచి, విజయవాడలో ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి.

తీర్పు

అన్ని దారులూ తూచాక నా అభిప్రాయం ఇది. చేతిలో తిరిగే పరికరానికి, పాతదాని ఛార్జింగ్ వోల్టేజీ, పాతదాని తీగల సంఖ్య, పాతదానికి మించని మందం, రక్షణ బోర్డు ఉన్న, బీఐఎస్ నంబరు ఉన్న రేకు సంచి సెల్ మంచిది. కెపాసిటీ పాతదానికి కాస్త తక్కువైనా పర్వాలేదు. బల్ల మీద పరికరానికి పేరున్న 18650. మల్టీమీటరుకు ఛార్జి చేయని బ్యాటరీ. పాత సెల్స్, బీఎల్-5సీలు కొలిచి నిర్ధారించుకోగలిగిన వాళ్లకే.

ఇది ఒక్కొక్కరు ఇంట్లో చేసుకోవాల్సిన పనిగా మిగిలిపోకూడదు. ప్రతి ఇంజినీరింగ్ కాలేజీ ఎలక్ట్రానిక్స్ ల్యాబులో కెపాసిటీ కొలిచే డిశ్చార్జి టెస్టరు ఒకటి, అంతర్గత నిరోధం చూసే మీటరు ఒకటి, పాత సెల్స్ వేసే ఇసుక డబ్బా ఒకటి పెట్టడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. విద్యార్థి తన సెల్‌ను అక్కడికి తెచ్చి, తనే కొలిచి, తనే తీర్పు చెప్పుకోగలిగితే ఆ పాఠం సిలబస్ పుస్తకం కన్నా బాగా గుర్తుంటుంది. అలా నేర్చుకున్నవాడు దుకాణంలో "ఎన్ని ఎంఏహెచ్?" అని అడిగిన వెంటనే జవాబు చెప్పడు, "ఎన్ని వోల్టుల దగ్గర నిండుతుంది? రక్షణ బోర్డు ఉందా?" అని తిరిగి అడుగుతాడు. అడిగేవాళ్లు పెరిగిన కొద్దీ అమ్మేవాళ్లు ఆ జవాబు తెలిసిన సరుకే తెప్పిస్తారు.